ఆరాధన క్రమంలో నేను కోసేసిన మూడు నిమిషాలు

మా సంఘంలో ఆరాధన కమిటీలోకి నన్ను తీసుకున్నది నా భక్తి చూసి కాదండీ, పవర్‌పాయింట్ వచ్చని. మాది బెంగళూరులో ఉన్న ఒక చిన్న తెలుగు సి.ఎస్.ఐ. సంఘం. సి.ఎస్.ఐ. అంటే చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా, మనవాళ్ల భాషలో దక్షిణ ఇండియా సంఘం. మాకు సొంత గుడి లేదు. వేరే భాషవాళ్ల గుడిలో పొద్దున్న ఎనిమిదింటికి మొదలుపెట్టి తొమ్మిదింపావుకల్లా ఖాళీ చెయ్యాలి. మేం ఆశీర్వాదం అందుకునేసరికి గుమ్మం దగ్గర తర్వాతి ఆరాధనవాళ్లు వాచీలు చూసుకుంటూ నిలబడి ఉంటారు.

ప్రతి వారం పది నిమిషాలు ఎక్కువైపోతోంది. ఇంజనీరు బుద్ధి ఊరుకోదు కదా, ఏది ఎంత టైం తింటోందో నాలుగు వారాలు రాసుకున్నా. ప్రసంగం తగ్గించమని పాస్టరుగారికి చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. పాటలు తగ్గిస్తే కొయ్‌ర్‌వాళ్లు అలుగుతారు. ప్రకటనలు తగ్గిస్తే సెక్రటరీగారు అలుగుతారు. అలగడానికి ఎవరూ లేని ఐటం ఒక్కటే కనబడింది. సమాధానం ఇచ్చుకోవడం, మూడు నిమిషాలు.

క్రైస్తవం కాని మిత్రులకి ఒక మాట. మా బైబిలు తెలుగులో సమాధానం అంటే జవాబు కాదు, శాంతి. ఆరాధన మధ్యలో, ప్రభువు బల్ల దగ్గరికి వెళ్లేముందు, పక్కవాళ్ల చేతులు పట్టుకుని వాళ్లకి సమాధానం కలగాలని చెప్పుకుంటాం. 2020లో కోవిడ్ వచ్చాక మా దగ్గర చేతులు పట్టుకోవడం పోయి దూరం నుంచి నమస్కారం పెట్టుకోవడం అలవాటైంది. కోవిడ్ వెళ్లింది కానీ చేతులు మళ్లీ కలవలేదు. మొక్కుబడిగా అటూ ఇటూ తిరిగి దండాలు పెట్టుకునేదానికి మూడు నిమిషాలు ఎందుకులే అనుకుని స్లైడు డిలీట్ చేశా.

రెండు వారాలు ఎవరూ అడగలేదు. మూడో వారం ఆరాధన అయ్యాక ఒక పెద్దాయన వచ్చారు. ఎనభై దాటిన మనిషి, కొడుకు దగ్గర ఉంటున్నారు.

"సమాధానం ఎక్కడికి పోయింది బాబూ?" అన్నారు.

"టైం సరిపోవట్లేదండీ తాతగారూ."

ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత నవ్వి, "మా ఊళ్లో ఆ సమాధానం దగ్గరికి రాగానే కొందరికి సరిగ్గా అప్పుడే దగ్గొచ్చేది. బయటికెళ్లి దగ్గి, అది అయిపోయాక వచ్చేవాళ్లు" అన్నారు. నాకేం అర్థం కాలేదు. ఆయన కర్ర పట్టుకుని వెళ్లిపోయారు.

ఆ మాట బుర్రలోంచి పోక, అసలీ ఆరాధన క్రమం ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు అని చదవడం మొదలుపెట్టా. వారం అనుకున్నది రెండు నెలలు పట్టింది. ఈ టపా దాని ఫలితం.

ముందు ఒక సంగతి తెలియాలి. తెలుగునేల మీద ప్రొటెస్టెంటు ఆరాధన ఏనాడూ ఒకేలా లేదు. లండన్ మిషన్‌వాళ్లు 1805లోనే విశాఖపట్నంలో దిగారు, తర్వాత కడప, అనంతపురం వైపు పాతుకున్నారు. 1841లో మచిలీపట్నానికి చర్చ్ మిషనరీ సొసైటీ తరఫున నోబుల్, ఫాక్స్ అని ఇద్దరు దొరలొచ్చారు. వాళ్లు ఆంగ్లికన్లు, అంటే ఇంగ్లండు రాజుగారి చర్చివాళ్లు. నంద్యాల వైపు ఉన్నది కూడా ఆంగ్లికన్లే కానీ ఎస్.పి.జి. అనే ఇంకో సొసైటీ. మెదక్ చుట్టుపక్కల వెస్లియన్ మెథడిస్టులు. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ చేసిన ఆ పెద్ద మెదక్ గుడి వాళ్లు కట్టిందే. నెల్లూరు, ఒంగోలు బాప్టిస్టులు, గుంటూరు లూథరన్లు వేరే కథ. వాళ్లు ఈ కలయికలోకి రాలేదు కాబట్టి ఇక్కడ వదిలేస్తున్నా.

ఇప్పుడు ఒక్కొక్కళ్ల ఆదివారం చూడండి. ఆంగ్లికన్ల గుడిలో అంతా పుస్తకం ప్రకారం. 1662 నాటి ఇంగ్లీషు ప్రార్థన పుస్తకానికి తెలుగు అనువాదం. అయ్యగారు ఏం చదవాలో, జనం ఏం జవాబు చెప్పాలో, ఎప్పుడు మోకరించాలో అన్నీ అందులోనే. సంస్కారం మోకాళ్ల మీద, ఒకే గిన్నెలోంచి. కడప వైపు లండన్ మిషన్ గుళ్లో అలాంటి పుస్తకమే లేదు. బోధకుడు తన మనసులోంచి ప్రార్థన చేస్తాడు. చదివి చేసే ప్రార్థన ప్రార్థనే కాదనేవాళ్లూ ఉన్నారు. మెథడిస్టులు ఈ రెంటికీ మధ్య, పుస్తకం కొంత, పాటలు బోలెడు, సొంత ప్రార్థన కొంత. ఒకరి ఆరాధనకి ఇంకొకరు వెళ్తే ఎప్పుడు లేవాలో ఎప్పుడు కూర్చోవాలో తెలియక దిక్కులు చూడాల్సిందే.

ఇదంతా టౌను గుళ్ల సంగతి. పల్లెల్లో కథ వేరు. అయ్యగారు ఒక్కరు, ఆయన కింద బోలెడు ఊళ్లు. ఆయన వచ్చినప్పుడే సంస్కారం. మిగతా రోజుల్లో ఆరాధన నడిపించింది ఎవరంటే, బడిపంతులు. మా నాయనమ్మ వాళ్ల నాన్న డోర్నకల్ దగ్గర ఒక పల్లెలో అలాంటి పంతులే. పగలు పిల్లలకి అక్షరాలు, చీకటి పడ్డాక గంట కొట్టి పెద్దవాళ్లకి ప్రార్థన. పొలాల్లో కూలి చేసి, గంజి తాగి, పిల్లల్ని చంకనేసుకుని వచ్చి కింద కూర్చునేవాళ్లట. చదువు రాదు కాబట్టి పరలోక ప్రార్థన, పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం అన్నీ నోటికి. మధ్యలో కునుకు తీసేవాళ్లని లేపడానికి కీర్తన ఎత్తుకునేవాడట ఆయన. ఆరాధన ప్లానింగ్ అంటే ఇదీ అనిపించింది నాకు, ఎక్సెల్ షీటు కాదు :)

ఆ డోర్నకల్ బిషప్పు వి.ఎస్. అజరయ్య. 1874లో తిరునల్వేలి వైపు ఒక పల్లెలో పుట్టిన తమిళుడు. తెలుగు నేర్చుకుని వచ్చి మనవాళ్ల మధ్యే బతికారు. 1912లో బిషప్పు అయ్యారు, ఆంగ్లికన్లలో మొట్టమొదటి భారతీయ బిషప్పు ఆయనే. ఆయన కాలంలో డోర్నకల్ డయోసిస్‌లో చేరినవాళ్లలో ఎక్కువమంది మాలలు, మాదిగలు. 1919 మే నెలలో తరంగంబాడిలో కొందరు బోధకులు కూడి, మన సంఘాలన్నీ ఒకటి కావాలని ప్రకటన చేశారు. అందులో ముందున్నది అజరయ్యే. వాళ్లలో ఇద్దరు ముగ్గురు తప్ప అందరూ భారతీయులు. వాళ్ల వాదన సింపుల్. ఈ చీలికలు ఇంగ్లండులో, స్కాట్లండులో ఎవరి గొడవల వల్లో వచ్చాయి, అవి మనం కన్నవీ కాదు, మనం పెంచుకున్నవీ కాదు, మరి మనమెందుకు మోస్తున్నాం?

సింపుల్ వాదనకి 28 ఏళ్లు పట్టింది. బిషప్పులుండాలా వద్దా, ఎవరు అభిషేకించిన పాస్టరు ఎవరికి సంస్కారం ఇవ్వొచ్చు, ఇవీ గొడవలు. అజరయ్య 1945 జనవరి 1న కన్నుమూశారు, కలయిక చూడలేదు. 1947 సెప్టెంబరు 27న, దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఆరు వారాలకి, మద్రాసు సెయింట్ జార్జి కెథడ్రల్లో సి.ఎస్.ఐ. పుట్టింది. సుమారు 10 లక్షలమంది. బిషప్పులున్న సంఘాలూ, లేని సంఘాలూ అలా ఒకటి కావడం లోకంలో అదే మొదటిసారి.

మరి ఆదివారం ఏం చెయ్యాలి? నాకు ఆసక్తిగా అనిపించిన ప్రశ్న ఇదే. కొత్త కంపెనీ పుట్టగానే పాత సాఫ్ట్‌వేర్లన్నీ ఆపేసి ఒకే సాఫ్ట్‌వేర్ పెట్టడం మనకి అలవాటు. రెండు కంపెనీలు కలిసిన ప్రాజెక్టులో నేనూ ఉన్నా, సోమవారం పొద్దున్న లాగిన్ అవగానే అంతా మారిపోయి ఉంది, ఆర్నెల్లు ఏడ్చాం. సి.ఎస్.ఐ.వాళ్లు దానికి సరిగ్గా ఉల్టా చేశారు. కలవకముందు ఏ సంఘంలో ఏ ఆరాధన పద్ధతి వాడుకలో ఉందో దాన్ని నిషేధించం, పాస్టరూ సంఘమూ ఒప్పుకోకుండా కొత్తది తీసుకురాం అని రాజ్యాంగంలోనే రాసుకున్నారు. కడపవాళ్లు కడప పద్ధతిలోనే, మచిలీపట్నంవాళ్లు పుస్తకంతోనే కానిచ్చుకోవచ్చు. నాకిది మొదట చదివినప్పుడు చేతకానితనంలా అనిపించింది. ఇప్పుడు అలా అనిపించడం లేదు.

ఎందుకంటే 1948లో వాళ్లే ఒక ఆరాధనా కమిటీ వేశారు. కన్వీనరు లెస్లీ బ్రౌన్ అనే ఇంగ్లీషాయన, అప్పుడు తిరువనంతపురంలో బోధకుల్ని తయారుచేసే కళాశాల నడిపేవారు. తర్వాత ఉగాండాకి ఆర్చిబిషప్పు అయ్యారు. సినడ్‌లో అందరూ కలిసి సంస్కారం తీసుకోవాలంటే ఎవరి పుస్తకం వాడాలి? ఎవరిది వాడినా మిగతావాళ్లు చిన్నబుచ్చుకుంటారు. అందుకని వాళ్లు చేసిన తెలివైన పని, ఎవరి పుస్తకమూ తీసుకోకుండా, అందరికంటే వెనక్కి, పాతకాలానికి వెళ్లడం.

అలా వచ్చిన క్రమాన్ని విడదీసి చూస్తే సరదాగా ఉంటుంది. ఆరాధన మొదట్లో బైబిలుని మోసుకుంటూ లోపలికి రావడం స్కాట్లండు అలవాటు. పరిశుద్ధుడవైన దేవా అంటూ మూడుసార్లు పిలిచే ప్రార్థన తూర్పు సంఘాలది. రొట్టె విరిచే ముందు యేసుని మా మధ్యకి రమ్మని పిలిచే చిన్న ప్రార్థన స్పెయిన్లో పాతకాలపు మొజరబిక్ క్రమంలోది. తురకల పాలనలో బతికిన స్పెయిన్ క్రైస్తవుల ప్రార్థన మన ఖమ్మం పల్లెల్లో తెలుగులో వినిపిస్తోందంటే ఆ ప్రయాణం ఊహించుకోండి. పాత నిబంధన, పత్రిక, సువార్త అని మూడు పాఠాలు. ప్రెస్బిటరు జనానికి వీపు పెట్టకుండా బల్ల వెనక నిలబడి జనం వైపు చూడటం. రోమన్ కాథలిక్కుల్లో ఇది మామూలైంది 1960ల తర్వాతే.

ఇక సమాధానం. పౌలు తన పత్రికల్లో ఒకరికొకరు ముద్దుపెట్టుకుని వందనం చేసుకోమని రాస్తాడు. రెండో శతాబ్దంలో జస్టిన్ అనే ఆయన రోమ్‌లో ఆరాధన ఎలా జరుగుతుందో వర్ణిస్తూ, ప్రార్థనలయ్యాక ముద్దుపెట్టుకుంటాం, తర్వాత రొట్టె, పాత్ర తెస్తారు అంటాడు. పడమటి దేశాల్లో ఇది రాన్రానూ తగ్గి, 16వ శతాబ్దపు ఇంగ్లీషు ప్రార్థన పుస్తకానికి వచ్చేసరికి జనం ఒకరికొకరు ఇచ్చుకోవడమన్నదే లేకుండా పోయింది. (అంటే డిలీట్ చేసినవాళ్లలో నేను మొదటివాణ్ణి కాదు.) కానీ కేరళలో సిరియన్ క్రైస్తవుల దగ్గర అది చేతుల రూపంలో బతికే ఉంది. కమిటీ అక్కణ్ణించే తెచ్చుకుంది. కేరళలో పనిచేసిన బ్రౌన్‌కి ఆ సంఘాల గురించి బాగా తెలుసు, తర్వాత వాళ్ల మీద పెద్ద పుస్తకమే రాశారు.

పద్ధతి ఇదీ. సమాధానం ప్రభువు బల్ల దగ్గర మొదలవుతుంది. ప్రెస్బిటరు తన పక్కవాళ్లకి ఇస్తారు, వాళ్లు కిందికి దిగి జనానికి తెస్తారు, జనంలో ఒకరినుంచి ఒకరికి వెళ్తుంది. ఇచ్చేవాళ్లు తమ కుడి అరచేయి అవతలివాళ్ల కుడి అరచేతికి ఆనిస్తారు, ఇద్దరూ ఎడమచేతిని అవతలివాళ్ల కుడిచేతి మీద మూస్తారు. కానుకకి ముందే ఇది. సోదరుడితో తగువుంటే కానుక అక్కడే వదిలి ముందు రాజీపడి రమ్మని యేసు చెప్పిన వరసలోనే అన్నమాట.

ఈ క్రమాన్ని మొదటిసారి వాడింది 1950 జనవరిలో, మద్రాసులో జరిగిన సినడ్‌లో. అదే నెల 26న మన రాజ్యాంగం అమల్లోకొచ్చింది, 17వ అధికరణతో అంటరానితనం రద్దయింది. ఎవరూ కూడబలుక్కుని చేసింది కాదు, తేదీలు అలా కలిశాయంతే. కానీ ఆ రెండు కాగితాల్ని పక్కపక్కన పెట్టి చూసినప్పుడు పెద్దాయన చెప్పిన దగ్గు నాకు అర్థమైంది.

తర్వాతి ఆదివారం ఆయన్నే అడిగా. ఆయన దాచుకోలేదు. వాళ్ల ఊళ్లో గుడి ఒకటే, కూర్చునే వైపులు రెండు. మాలలు ఒకవైపు, మాదిగలు ఒకవైపు. రాసిపెట్టిన రూలు కాదు, ఎవరూ చెప్పనక్కర్లేదు కూడా, పిల్లలకి నడక వచ్చేసరికే తెలిసిపోయేది. ఊరివాళ్లు ఈ రెండు వాడలనీ దూరం పెడితే, వీళ్లు ఒకర్నొకరు దూరం పెట్టుకునేవాళ్లు. ప్రసంగం కలిసి వినొచ్చు, పాట కలిసి పాడొచ్చు, దానికేం ఇబ్బంది లేదు. కొత్త పుస్తకం వాళ్ల ఊరికి వచ్చాక మాత్రం సమాధానం బల్ల దగ్గర మొదలై ఒక వరస చివరికి వచ్చి ఆగేది. నడవా దాటాలి. దాటాలంటే అవతలి మనిషి అరచేయి పట్టుకోవాలి. దగ్గులు అప్పుడొచ్చేవి.

"మరి మీకు దగ్గొచ్చేదా తాతగారూ?" అన్నా, కొంచెం చొరవ తీసుకుని.

"మా నాన్నకి వచ్చేది" అన్నారు. "మేం ఒక మెట్టు పైన అనుకునేవాళ్లం కదా."

ప్రసంగం ఎంత గొప్పగా ఉన్నా వినేవాడు తల ఊపి ఊరుకోవచ్చు. కులం లేదని కీర్తన పాడి ఇంటికెళ్లి కులం పాటించవచ్చు, మనం చూస్తున్నదే. ఆరాధన క్రమంలో మనిషి శరీరంతో ఒప్పుకోవాల్సినవి తక్కువ. ఆ మూడు నిమిషాలు అలాంటివి. నేను ఎక్సెల్లో వాటికి ఎరుపు రంగు వేశా.

సి.ఎస్.ఐ. ఏదో పుణ్యలోకం అని రాయడం నా ఉద్దేశం కాదు. కలయికకి చెల్లించిన మూల్యం మన నంద్యాలలోనే కనబడుతుంది. బిషప్పు చేయి పెట్టి అభిషేకించని పాస్టర్లని కూడా యథాతథంగా తీసుకోవడం, అన్ని సంఘాల్లోనూ అందరూ అలా అభిషేకం పొందినవాళ్లే అయ్యేదాకా ముప్ఫై ఏళ్లు ఆగుదామనుకోవడం అక్కడి ఆంగ్లికన్లలో చాలామంది మనస్సాక్షికి ఒప్పలేదు. వాళ్లు బయటే ఉండిపోయారు, మళ్లీ కలిసింది 1970ల్లోనే. ఎవర్నీ బలవంతపెట్టం అన్న మాట ఇచ్చినా ఇలాంటిది జరిగింది. ఇవ్వకపోతే ఇంకెన్ని నంద్యాలలు అయ్యేవో.

ఇంకో లోటు. ఆ క్రమం రాసింది ఇంగ్లీషులో. సిరియా, స్పెయిన్, స్కాట్లండు అన్నీ వచ్చాయి కానీ కోలాటం, జముకులకథ పెరిగిన మనవాళ్ల గొంతు అందులో నాకు పెద్దగా వినబడదు. తెలుగు అనువాదం గ్రాంథికం. మా నాయనమ్మకి అది నోటికి వచ్చు, అర్థం సగమే తెలుసు. కాకపోతే పాటకి చోటు వదిలారు. ఆ ఖాళీల్లోకి మన కీర్తనలు వచ్చి కూర్చున్నాయి. 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరి బ్రాహ్మణ కుటుంబం నుంచి వచ్చిన బాప్టిస్టు. ఆయన కీర్తనల్ని లూథరన్లూ, మెథడిస్టులూ, ఆంగ్లికన్లూ అందరూ పాడతారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం అన్ని సంఘాల ఇళ్లలోనూ ఉంటుంది. ఆ లెక్కన పెద్దలు 28 ఏళ్లు కూర్చుని మాట్లాడుకున్న కలయికలో సగం మన ఆడవాళ్లు దీపం దగ్గర పాటల పుస్తకంతో అప్పటికే కానిచ్చేశారు.

1963లో అన్ని క్రమాలూ కలిపి ఒకే పుస్తకంగా వేశారు. మెథడిస్టుల దగ్గర్నుంచి వచ్చిన నిబంధన ఆరాధన అందులో ఉంది. వెస్లీ 1755లో మొదలుపెట్టింది, కొత్త సంవత్సరంలో జీవితాన్ని మళ్లీ దేవుడికి అప్పజెప్పుకునే క్రమం. ఆ పుస్తకంలో నాకు నచ్చినవి అసలు ప్రార్థనలకంటే వాటి మధ్య చిన్న అక్షరాల్లో ఉండే సూచనలు. కొన్నిచోట్ల చేయవలెను, చాలాచోట్ల చేయవచ్చును. ఇక్కడ సొంత ప్రార్థన చేయవచ్చును, ఇక్కడ మౌనంగా ఉండవచ్చును. చదివే ప్రార్థనవాళ్లకీ మనసులోంచి వచ్చే ప్రార్థనవాళ్లకీ ఒకే పేజీలో చోటిచ్చింది ఆ వచ్చును. సమాధానం కూడా బలవంతంగా చేయించింది కాదు. పెద్దాయన వాళ్ల నాన్నని ఎవరూ గుమ్మం దగ్గర ఆపలేదు.

"మరి ఆయనకి దగ్గు ఎప్పుడు తగ్గింది?" అని అడిగా.

"పూర్తిగా తగ్గలేదు. ఒక క్రిస్మస్‌కి మాత్రం ఉండిపోయాడు. నడవా అవతల ఆయన కంటే చిన్నవాడు, పొలంలో కలిసి పనిచేసే మనిషే, చేయి చాపి నిలబడ్డాడు. మా నాన్న చాలాసేపు చూశాడు" అన్నారు. పట్టుకున్నాడా అని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

కమిటీ మీటింగులో సమాధానం మళ్లీ పెడదామన్నా. టైం ఎక్కణ్ణించి తెస్తావన్నారు. ప్రకటనలన్నీ శనివారం రాత్రి వాట్సాప్‌లో పెట్టేద్దాం, గుళ్లో చదవొద్దు అన్నా. సెక్రటరీగారు అనుకున్నట్టే అలిగారు, ఆయన్ని బతిమాలడానికి ఒక బిర్యానీ అయింది. నమస్కారం చాలదా అని ఒకరు, జలుబున్నవాళ్ల సంగతేంటని ఇంకొకరు. జలుబున్నవాళ్లు నమస్కారం పెట్టవచ్చును అని స్లైడు మీద రాశా. వచ్చును మహిమ.

మొన్న ఆదివారం పెద్దాయన నా వరసలోనే కూర్చున్నారు. నేను షేక్‌హ్యాండ్ ఇచ్చినట్టు చేయి చాపా. "అలా కాదు" అని నా అరచేయి తిప్పి తన అరచేతికి ఆనించుకుని, ఎడమచేయి పైన పెట్టించి, "ఇప్పుడు అటు ఇవ్వు" అన్నారు. అటువైపు ఎవరో కొత్తగా వచ్చిన కుర్రాడు, పేరు కూడా తెలియదు. అతనికీ చేయి ఎలా పెట్టాలో తెలియలేదు. నేర్పించేసరికి తొమ్మిదీ పద్దెనిమిది అయింది, గుమ్మం దగ్గర వాచీలు చూసుకుంటున్నారు.